ఉరుము వినిపించాక కైట్ ఎగరేయమనకండి: కైట్‌బోర్డింగ్ ట్రిప్పుల నిర్వాహకులకు, పర్యాటక అధికారులకు బహిరంగ లేఖ

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం నుంచి రామేశ్వరం, తూత్తుకుడి, గోవా తీరాలకు కైట్‌బోర్డింగ్ ట్రిప్పులు నడిపే నిర్వాహకులకు,
అక్కడ మన పిల్లలకు నేర్పుతున్న ఇన్‌స్ట్రక్టర్లకు,
ఆంధ్రప్రదేశ్ తీరంలో జలక్రీడలకు అనుమతులిచ్చే అధికారులకు,

విషయం: ఉరుములు, ఈదురుగాలులు, తుపాను హెచ్చరికలు ఉన్నప్పుడు కైట్‌బోర్డింగ్ ఆపించడం గురించి.

ఆర్యా,

సముద్రమంటే ఒడ్డున కూర్చుని మొక్కజొన్న కండె తినడమే తెలిసిన మాలాంటివాళ్ళను నీళ్ళలోకి దింపింది మీరే. అది మరిచిపోలేదు. అందుకే గత దసరా ట్రిప్పులో జరిగినదాన్ని ముందు మీకే చెప్పాం. ఫోనులో చెప్పాం, తర్వాత రాసి పంపాం. నిర్వాహకుల నుంచి వాట్సాప్‌లో ఒకే ఒక్క వాక్యం వచ్చింది: "వాతావరణం మన చేతుల్లో ఉండదు కదా బ్రో." ఇన్‌స్ట్రక్టర్ అసలు పలకలేదు. ఒక పర్యాటక కార్యాలయానికి వెళితే అర్జీ తీసుకుని రసీదు ఇచ్చారు, ఆ క్రీడ తమ జాబితాలో లేదన్నారు. రసీదు మా దగ్గర భద్రంగా ఉంది. ఈలోగా మళ్ళీ దసరా ప్యాకేజీల పోస్టర్లు గ్రూపుల్లో తిరుగుతున్నాయి. ఇక అందరూ చదివేలా రాయక తప్పలేదు.

ఎవరి మీదా కక్షతో రాయడం లేదు. అందుకే పేర్లు కూడా రాయలేదు. మా మాట ఒక్కటే. నీళ్ళలోకి దిగాలా వద్దా అని తేల్చేదీ, దిగకపోతే డబ్బు నష్టపోయేదీ ఒకే మనిషి అయినంతకాలం ఈ ప్రమాదాలు ఆగవు.

కైట్‌బోర్డింగ్ గురించి తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. ఇది పిల్లల గాలిపటం కాదు. ముందు అంచున గాలి నింపిన గొట్టం ఉండే పెద్ద గుడ్డ తెరచాప. ఏడు నుంచి పన్నెండు చదరపు మీటర్లు, గాలి తక్కువైతే అంతకంటే పెద్దది. ఇరవై, ఇరవై నాలుగు మీటర్ల పొడవున్న సన్నటి లైన్లతో మనిషి నడుముకు పట్టీలా కట్టిన హార్నెస్‌కు తగిలిస్తారు. చేతిలో కైట్‌ను తిప్పే కడ్డీ (బార్), కాళ్ళ కింద బోర్డు. గాలి లాగుతుంటే నీళ్ళ మీద జారిపోతారు. నీళ్ళలో పడినా మళ్ళీ లేచే ఈ రకం కైట్‌కు 1984లో ఫ్రాన్స్‌కు చెందిన లెగెన్యూ సోదరులు పేటెంట్ తీసుకున్నారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఇది తొలిసారి పతకాల క్రీడ అయింది. మంచి ఆట, అందులో సందేహం లేదు. పద్ధతిగా నేర్చుకుంటే అరవై ఏళ్ళవాళ్ళూ ఆడొచ్చు.

ఇక ఆ రోజు సంగతి. అది దక్షిణ తమిళనాడు తీరంలో ఒక బీచ్. మూడు రోజుల ప్యాకేజీలో రెండో రోజు. పొద్దుటి నుంచి ఆకు కదల్లేదు. మొదటి రోజూ అంతే. కైట్లు ఇసుక మీద చుట్టిపెట్టి అందరం ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నాం. డబ్బు వాపసు అడుగుతారేమోనన్న టెన్షన్ నిర్వాహకుడి ముఖంలో కనిపిస్తూనే ఉంది. రెండు దాటాక పడమర వైపు, తాటి తోపు వెనక, మబ్బు లేచింది. అడుగున నల్లగా, పైన తెల్లగా, బాగా ఎత్తుకు పోయి అక్కడ చదునుగా పరుచుకుంది. దాంతోపాటే కొంచెం గాలి కదిలింది. "గాలొచ్చింది, పంపులు కొట్టండి" అని కేక వేశారు. గాలి తక్కువ కదా అని పన్నెండు మీటర్ల కైట్లే తీశారు.

దూరంగా ఒక ఉరుము ఉరిమింది. మా పక్కనే వల బాగుచేసుకుంటున్న పెద్దాయన దారం కొరికి, వల చుట్టి పడవలో పడేసి, ఇద్దరు కుర్రాళ్ళను పిలిచి పడవను ఇసుక మీదికి లాగించడం మొదలుపెట్టాడు. మా వైపు చూసి, చేత్తో మబ్బును చూపించి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. "ఇంకా దూరంగానే ఉంది, అరగంట ఆడుకోవచ్చు" అన్నాడు ఇన్‌స్ట్రక్టర్.

నాలుగు కైట్లు పైన ఉండగా గాలి ఒక్కసారిగా పడిపోయింది. లైన్లు వదులై కైట్లు ఊగిసలాడాయి. నిమిషం గడిచిందో లేదో, నేల వైపు నుంచి చల్లగాలి వచ్చి వీపు మీద కొట్టింది. పిక్కలకు ఇసుక గుచ్చుకుంది. వరంగల్ నుంచి వచ్చిన ఇంజినీరింగ్ కుర్రాడు మోకాలి లోతు నీళ్ళలో ఉన్నాడు. అతని కైట్ గిర్రున తిరిగి సముద్రం వైపు పడింది, మళ్ళీ లేచి లాగింది. బార్ వదిలెయ్యమని అందరం అరిచాం. వదిలాడు. అయినా హార్నెస్‌కు తగిలించి ఉంది కదా, కైట్ అతన్ని వదల్లేదు. నీళ్ళ మీద బోర్లా ఈడ్చుకుపోయి, లంగరేసి ఉన్న నాటు పడవకు కొట్టింది. కాలర్ బోన్ విరిగింది. జానెడు పైన తగిలితే తలకే తగిలేది.

కైట్ లాగుడును ఒక్కసారిగా వదిలించే క్విక్ రిలీజ్‌ను తోశానని, రెండుసార్లు తోసినా ఊడలేదని అతను ఆసుపత్రిలో చెప్పాడు. సాయంత్రం ఆ బార్ వెతికి చూశాం. ఎర్రటి రిలీజ్ పట్టు లోపల తడి ఇసుక గట్టిపడి ఉంది. నేల మీద పెట్టి రెండు చేతులా నెడితేగానీ కదల్లేదు.

అతన్ని ఒడ్డుకు తెచ్చింది ఆ వల పెద్దాయనే. అప్పుడే పైకి లాగించిన పడవను మెరుపుల్లో మళ్ళీ నీళ్ళలోకి తోయించుకుని వెళ్ళాడు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. పోస్టరులో 'రెస్క్యూ బోటు సౌకర్యం కలదు' అని రాశారు. బోటు ఉన్నమాట నిజమే. ఒడ్డున, ఇంజిన్ విప్పేసి ఉంది.

ఇది ఒక్కరి దురదృష్టమని కొట్టిపారేయడానికి లేదు. ఎందుకో ఒక్కొక్కటిగా చెబుతాం.

1. గాలి రెట్టింపయితే లాగుడు రెట్టింపుతో ఆగదు. అది వేగానికి వర్గం లెక్కన పెరుగుతుంది. 12 నాట్స్ అంటే గంటకు 22 కిలోమీటర్లు. ఆ గాలికి సరిపడా కైట్ కట్టుకుని ఉండగా గాలి 24 నాట్స్ అయితే లాగుడు నాలుగు రెట్లు, 36 అయితే తొమ్మిది రెట్లు. 36 నాట్స్ అంటే గంటకు 67 కిలోమీటర్లు. పేపర్లో రోజూ చదివే క్యుములోనింబస్ మేఘాల, అంటే ఉరుముల మేఘాల కింద ఈ వేగం అరుదేమీ కాదు. పైగా ఇది గాలి లేని రోజునే ఎక్కువగా జరుగుతుంది. గాలి లేదు కాబట్టే పెద్ద కైట్ తీస్తాం, ఆ పెద్ద కైట్ మీదికే మేఘం గాలి వచ్చి పడుతుంది. ఇప్పటి కైట్లలో బార్ ముందుకు నెడితే బలం బాగా తగ్గుతుంది, నిజమే. తొమ్మిది రెట్లు పెరిగిన బలాన్ని అది అదుపు చేయలేదు. గాల్లోకి ఎత్తేశాక రిలీజ్ తోస్తే ఆ ఎత్తు నుంచి కింద పడతారు. అంటే కైట్‌ను దించాల్సింది గాలి రాకముందే. 2008 ఆగస్టు 18న అమెరికాలోని ఫోర్ట్ లాడర్‌డేల్ బీచ్‌లో, ఫే తుపాను గాలుల్లో కైట్ ఎగరేసిన ఒకాయనను ఆ కైట్ ఎత్తి ఇసుక మీద పడేసి, ఈడ్చుకెళ్ళి, రోడ్డు దాటించి భవనానికేసి కొట్టింది. ఆ వీడియో ప్రపంచమంతా చూసింది. ఆయన ప్రాణాలతో బయటపడటమే గొప్ప.

2. ఫోనులో గాలి యాప్‌కు మేఘం కనిపించదు. "యాప్‌లో 14 నాట్సే చూపిస్తోంది" అని మాతో వాదించారు. ఆ యాప్‌లు వాడే మోడళ్ళు చాలావరకు పది, ఇరవై కిలోమీటర్ల గళ్ళలో సగటు గాలిని లెక్కవేస్తాయి. ఒక్క మేఘం కింద నుంచి దూకి వచ్చే చల్లగాలి ఆ లెక్కకు అందదు. దాన్ని చూడాలంటే రాడార్ చూడాలి, లేదా తలెత్తి ఆకాశం చూడాలి. మచిలీపట్నం, విశాఖపట్నం, చెన్నై, కారైకల్‌లో వాతావరణ శాఖ డాప్లర్ రాడార్లు ఉన్నాయి, వాటి చిత్రాలు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. రానున్న మూడు గంటలకు జిల్లాలవారీగా హెచ్చరికలు ఇస్తున్నారు. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసిన 'దామిని' యాప్ మనమున్న చోటికి ఇరవై, నలభై కిలోమీటర్ల పరిధిలో పిడుగుల సంగతి చెబుతుంది. సముద్రం మీద గాలి, అలల అంచనాలు ఇచ్చే ఇన్‌కాయిస్ అయితే మన హైదరాబాద్‌లోనే ఉంది. ఇన్ని ఉండగా ఆ బీచ్‌లో ఆ మధ్యాహ్నం ఎవరూ ఒక్కటి కూడా తెరవలేదు.

ఇందులోనే ఇంకో లెక్క ఉంది. ఉరుము మహా అయితే పదిహేను కిలోమీటర్ల దూరం నుంచి వినిపిస్తుంది. మేఘం నుంచి బయటికి తన్నుకొచ్చే గాలి వానకంటే ముందు పరుగెడుతుంది. గంటకు 45 కిలోమీటర్ల వేగం అనుకున్నా పదిహేను కిలోమీటర్లు రావడానికి ఇరవై నిమిషాలు. అలల హోరులో మొదటి ఉరుము వినకపోతే అదీ ఉండదు. ఒక్కో కైట్‌ను కిందికి దించాలంటే ఒడ్డున ఒకరు పట్టుకోవాలి, గాలి తీయాలి, ఇసుక వేసి ఆపాలి. ఎనిమిది కైట్లు పైన ఉండి, పట్టుకోవడం తెలిసినవాళ్ళు ఇద్దరే ఉంటే ఆఖరివాడి వంతు వచ్చేసరికి గాలి వచ్చేస్తుంది. 'అరగంట ఆడుకోవచ్చు' అన్నాయన ఈ లెక్క వేశారా?

3. దసరా గాలి సీజను కాదు. ఇది మీకు మాకంటే బాగా తెలుసు. ఆ తీరంలో మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి, డిసెంబరు నుంచి మార్చి దాకా ఈశాన్య గాలి నిలకడగా వీస్తాయి. నడుమ అక్టోబరు, నవంబరుల్లో ఆ నిలకడ ఉండదు. పొద్దున గాలి ఉండదు, సాయంత్రం ఉరుముల గాలి ఉంటుంది. మరి ప్యాకేజీ అప్పుడెందుకు? సెలవులున్నాయి కాబట్టి, బస్సు నిండుతుంది కాబట్టి. బంగాళాఖాతంలో తుపానులు ఎక్కువగా వచ్చేదీ ఆ నెలల్లోనే. హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న. తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబరు 11న. గజ తమిళనాడును తాకింది అదే ఏడాది నవంబరు 16న. 2017లో ఓఖి అయితే కన్యాకుమారి దగ్గర ఒక్క రోజులోనే వాయుగుండం నుంచి తుపానుగా మారింది. అప్పటికే వేటకెళ్ళిన మత్స్యకారులు వందల మంది తిరిగి రాలేదు. పుట్టినప్పటి నుంచి సముద్రం మీద బతికినవాళ్ళకే అంత గడువు దొరకనప్పుడు, నిన్న సాయంత్రం హైదరాబాద్‌లో బస్సెక్కిన పిల్లలకు ఎక్కడ దొరుకుతుంది?

తుపాను అంచున గాలి 'సూపర్‌గా' ఉంటుందని ఊరించే వీడియోలు మీ పేజీల్లోనే చూశాం. వాటిని ముందు తీసేయండి.

4. మన తీరంలో గాలి తిరగబడుతుంది. ఇది ముఖ్యంగా ఆంధ్రప్రదేశ్ అధికారులు గమనించాలి. ఇవాళ కాకపోతే రేపు రుషికొండలోనో సూర్యలంకలోనో ఈ క్రీడకు అనుమతి అడుగుతారు. వేసవి మధ్యాహ్నాల్లో మన ఒడ్డుకు సముద్రం మీద నుంచి గాలి వస్తుంది, కొత్తవాళ్ళకు అది ధైర్యంగా ఉంటుంది, పడినా ఒడ్డుకే కొట్టుకొస్తాం అని. ఏప్రిల్, మే నెలల్లో ఉరుముల మేఘాలు ఎక్కువగా పడమర నుంచి, కొండల వైపు నుంచి వస్తాయి. వాటి ముందు గాలి నేల నుంచి సముద్రంలోకి తోస్తుంది. ఒడ్డుకు తెచ్చే గాలి నిమిషాల్లో ఒడ్డుకు దూరం చేసే గాలి అవుతుంది. గాలి పడిపోయి కైట్ నీళ్ళలో పడితే, ఆ మనిషి బోర్డు, కైట్, లైన్లతో సహా లోపలికి కొట్టుకుపోతాడు. విశాఖలో ఆర్కే బీచ్ లాంటిచోట గాలి ఒడ్డు వైపుంటే వేరే ప్రమాదం: ఇసుక దాటగానే రోడ్డు, స్తంభాలు, వాహనాలు. సూర్యలంకలో వెనక సరుగుడు తోటలు. ఏ బీచ్‌లో ఏ దిక్కు గాలికి ఆడకూడదో ముందే రాసి బోర్డు పెట్టకుండా ఒక్క అనుమతి కూడా ఇవ్వకండి.

5. పిడుగు. దీని గురించి పెద్దగా చెప్పాల్సిన పని లేదు. 2022 ఒక్క ఏడాదిలో మన దేశంలో పిడుగుపాటుకు 2,887 మంది చనిపోయారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. పొలంలో నిలబడినవాళ్ళే అంతమంది పోతుంటే, చదునైన నీళ్ళ మీద తడిసిన లైన్లు ఇరవై మీటర్లు పైకి పంపి నిలబడటం ఏమిటి?

6. ఒడ్డున ఉన్నవాళ్ళు ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. కైట్ కట్టుకున్నవాడు ఫారం మీద సంతకం పెట్టి, డబ్బు కట్టి వస్తాడు. పల్లీలమ్మే అవ్వ, వలలు ఆరబెట్టుకునే ఆడవాళ్ళు, ఇసుకలో గూళ్ళు కట్టుకునే పిల్లలు అలా రాలేదు. బిగుసుకున్న లైను చర్మాన్ని కోసేస్తుంది. గాలి పోయే దిక్కున కనీసం యాభై మీటర్లు ఖాళీ లేకపోతే అదుపు తప్పిన కైట్ ఎవరి మీద పడుతుందో చెప్పలేం. ఇక ప్రమాదం జరిగితే లోపలికి వెళ్ళేది జాలరులే. ఆ రోజు ఆ పెద్దాయనకు ఏమన్నా అయితే ఆయన ఇంటికి ఎవరు జవాబు చెప్పేవాళ్ళు? పడవ పగిలితే ఎవరు కట్టిచ్చేవాళ్ళు? మీ ప్యాకేజీ ధరలో ఆ ఊరికి ఒక్క రూపాయి లేదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం ఆ ఊరే కావాలి.

7. ఆసుపత్రి ఖర్చు ఇంటి మీద పడుతుంది. చాలా ప్రమాద బీమా పాలసీల్లో సాహస క్రీడలకు మినహాయింపు ఉంటుంది. ఆ కుర్రాడి నాన్నగారికి ఆ సంగతి బిల్లు కట్టే కౌంటరు దగ్గర తెలిసింది. ఆయన చిన్న కిరాణా కొట్టు నడుపుతారు. కొడుకు కుడి భుజం కుదురుకునేదాకా ల్యాబ్ పరీక్షలు రాయలేక ఒక సెమిస్టరు వెనకబడ్డాడు. నిర్వాహకులు ఇవ్వజూపింది 'తర్వాతి ట్రిప్పులో సగం రాయితీ'.

మీ వైపు వాదన కూడా విన్నాం. "సాహసం అంటేనే రిస్కు" అంటారు. ఒప్పుకుంటాం. నీళ్ళలో పడటం, మోకాలు దోక్కుపోవడం, ఉప్పునీళ్ళు మింగడం ఆ రిస్కులో భాగమే, వాటి గురించి ఎవరం ఫిర్యాదు చేయలేదు. కళ్ళెదుట మబ్బు కనిపిస్తుండగా, ఉరుము వినిపిస్తుండగా దింపడం సాహసం కిందికి రాదు. "అందరూ మేజర్లే, ఇష్టపడే దిగారు" అంటారు. గాలి చదవడం రానివాడు ఇష్టపడ్డాడంటే మీ మాట నమ్మాడని అర్థం. నమ్మకానికి డబ్బు తీసుకున్నది మీరు.

"రద్దు చేస్తే నష్టం ఎవరు భరించాలి?" అన్నది నిజమైన ప్రశ్న. దీన్ని మేం తేలిగ్గా తీసుకోవడం లేదు. బస్సు, గదులు, భోజనం, ఇన్‌స్ట్రక్టర్ రోజుకూలి ముందే కట్టేసి ఉంటారు. మూడు రోజులూ గాలి లేకపోతే చేతి నుంచి పోతుంది. అందుకే తేదీ ముందే అమ్మే పద్ధతే తప్పంటున్నాం. పారిస్ ఒలింపిక్స్‌లో కైట్ పోటీలు మార్సెయ్‌లో జరిగాయి. గాలి కుదరక రేసులు ఆగాయి, ఫైనల్స్ వాయిదా పడ్డాయి. పతకాలు, టీవీ ప్రసారాలు, దేశాల జట్లు అన్నీ ఒడ్డున కూర్చుని ఎదురుచూశాయి. వాళ్ళు ఆగగలిగినప్పుడు మన మూడు రోజుల ప్యాకేజీ ఆగలేదా?

అధికారులకు ఒక సంగతి గుర్తుచేయాలి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగింది. నది వరద మీద ఉంది, అయినా బోటు కదిలింది, ఎందుకంటే టికెట్లు అమ్ముడయ్యాయి. దాదాపు యాభై మంది పోయారు. ఆ తర్వాతే బోటింగ్ పాయింట్ల దగ్గర కంట్రోల్ రూములు వచ్చాయి, బోటు కదలాలా వద్దా అన్నది యజమాని చేతిలోంచి తీసి అధికారి చేతిలో పెట్టారు. అదే ఏర్పాటు కైట్‌కూ కావాలి. ఈసారి శవాలు లేచేదాకా ఆగకుండా కావాలి.

మా డిమాండ్లు:

1. ఆపే అధికారం నిర్వాహకుడికి, ఇన్‌స్ట్రక్టర్‌కు బయట ఉన్న మనిషికి ఇవ్వండి. ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి ఇచ్చే ప్రతి బీచ్‌లో, రద్దు చేసినా తన జీతం తగ్గని ఒక భద్రతాధికారి ఉండాలి. ఎర్రజెండా ఎగిరితే అన్ని కైట్లూ దిగాలి, వాదన తర్వాత. బయటి రాష్ట్రాలకు బ్యాచ్‌లను తీసుకెళ్ళే నిర్వాహకులు, ప్రభుత్వం చెప్పేదాకా ఆగకుండా, తమ డబ్బుతో సంబంధం లేని అనుభవజ్ఞుడిని ఆ పనికి పెట్టి, ఆయన పేరు ముందే చెప్పాలి.

2. వాతావరణం వల్ల రద్దయితే పాఠం రుసుము పూర్తిగా వాపసు, లేదా ఏడాదిలోపు మళ్ళీ ఎప్పుడైనా వచ్చే అవకాశం. ఇది పోస్టరు మీద పెద్ద అక్షరాలతో రాయాలి. బస్సు, గది ఖర్చు పోతే పోయిందని మేం ఒప్పుకుంటాం. ఈ ఒక్క మార్పుతో సగం ఒత్తిడి తగ్గిపోతుంది, మాకూ మీకూ.

3. ఉరుము వినిపించినా, మెరుపు కనిపించినా కైట్లు దిగాలి. ఆఖరి ఉరుము తర్వాత ముప్పై నిమిషాలు గడిచేదాకా మళ్ళీ లేవకూడదు. మత్స్యకారులు వేటకు వెళ్ళరాదని హెచ్చరిక ఉన్న రోజు పాఠాలు ఉండకూడదు. ఈ రెండోది కొంచెం కఠినమేనని తెలుసు. జూన్, జులైల్లో మన్నార్ సింధుశాఖలో నిలకడైన నైరుతి గాలికి కూడా ఆ హెచ్చరిక వస్తుంది, చెయ్యి తిరిగినవాళ్ళు ఏడు మీటర్ల కైట్‌తో హాయిగా ఆడతారు. వాళ్ళ సంగతి వేరు. నేర్చుకునేవాళ్ళకు మాత్రం మినహాయింపు వద్దు. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందంటే ఎవరికీ వద్దు.

4. అక్టోబరు, నవంబరుల్లో కొత్తవాళ్ళ ప్యాకేజీలు అమ్మకండి. సంక్రాంతి సెలవులకు పెట్టుకోండి, గాలీ ఉంటుంది, సెలవులూ ఉంటాయి.

5. ప్రతి ఉదయం ప్రతి క్విక్ రిలీజ్‌ను మంచినీళ్ళతో కడిగి, లాగుడు మీద ఉంచి తోసి చూసి, సంతకం పెట్టాలి. విద్యార్థి చేత కూడా నడుము లోతు నీళ్ళలో, కైట్ నిజంగా లాగుతుండగా రిలీజ్ చేయించాలి. ఇసుక మీద ఒక్కసారి చూపించి 'ఇదీ రిలీజ్' అనడం నేర్పడం కాదు.

6. పైన ఉన్న ప్రతి రెండు కైట్లకు, దించడం తెలిసిన ఒక మనిషి ఒడ్డున ఉండాలి. బోటుకు ఇంజిన్, డ్రైవరు, పెట్రోలు మూడూ ఉండాలి. కోస్ట్‌గార్డ్ నంబరు 1554 అందరి ఫోన్లలో ముందే ఎక్కించాలి.

7. ఆ ఊరి మత్స్యకార సంఘంతో మాట్లాడకుండా ఏ బీచ్‌నూ ఎంచుకోకండి. పడవలు ఎక్కడ కట్టేస్తారో, వలలు ఎక్కడ ఆరబెడతారో వాళ్ళే చెబుతారు. ఆకాశం ఎప్పుడు మారుతుందో కూడా వాళ్ళే చెబుతారు. అందుకు రోజుకింత అని వాళ్ళకు ఇవ్వండి. రక్షించడానికి వెళ్ళిన పడవకు, మనిషికి జరిగే నష్టం మీ బీమాలో ఉండాలి.

8. ప్రతి ప్రమాదాన్ని, తృటిలో తప్పిన ప్రమాదాన్ని కూడా, తేదీ, గాలి, కారణంతో నమోదు చేసి అందరికీ కనిపించేలా పెట్టాలి. మా ట్రిప్పు సంగతి మీ దగ్గర ఎక్కడా రాసి లేదు. మా దగ్గర ఉంది, ఫొటోలతో సహా. అడిగితే ఇస్తాం.

ట్రిప్పులకు డబ్బు కడుతున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు కూడా ఒక మాట. కట్టే ముందు మూడు అడగండి: వాతావరణం బాగోకపోతే వాపసు ఎంత, ఆపమనే అధికారం ఎవరిది, బోటుకు ఇంజిన్ ఉందా. తడబడితే ఆ గ్రూపులోంచి బయటికి వచ్చేయండి. ఒడ్డుకు వెళ్ళాక దిగనని చెప్పే హక్కు మీకెప్పుడూ ఉంది, డబ్బు కట్టేసినా సరే.

నిర్వాహకులూ, ఇన్‌స్ట్రక్టర్లూ పై డిమాండ్లలో రెండు, మూడు, ఐదింటికి దసరా బ్యాచ్ బయల్దేరేలోపు రాతపూర్వకంగా జవాబివ్వాలని కోరుతున్నాం. వీటికి అనుమతులు అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. జవాబు ఇచ్చినవాళ్ళ పేర్లు, ఇవ్వనివాళ్ళ పేర్లు రెండూ ట్రిప్పు గ్రూపుల్లో పెడతాం. అధికారులు మా అర్జీ రసీదు నంబరు చూసి, జలక్రీడల జాబితాలో కైట్‌బోర్డింగ్‌ను ఎప్పుడు చేరుస్తారో తేదీ చెప్పండి. చెప్పకపోతే సమాచార హక్కు కింద అడుగుతాం. ఆ దరఖాస్తు రాసి సిద్ధంగా ఉంచాం.

ఇట్లు,
గత దసరా ట్రిప్పులో ఆ ఒడ్డున ఉన్న కొందరం,
విశాఖపట్నం, వరంగల్, హైదరాబాద్.